మా అబ్బాయికి నేవీ పిలుపు వచ్చింది, విమాన వాహక నౌకలో పనిచేసినవారు ఉంటే చెప్పండి

చిత్తూరు_కుట్టుమిషను:

మా అబ్బాయి అగ్నివీర్‌గా నౌకాదళానికి ఎంపికయ్యాడు. వచ్చే నెల ఒడిశాలో చిల్కా శిక్షణ కేంద్రానికి వెళ్లాలి. జీతం ఎంత, నాలుగేళ్ల తర్వాత ఏమిటి అన్న మాటలు ఇంట్లో వారం రోజులుగా నలుగుతూనే ఉన్నాయి. దయచేసి ఇక్కడ కూడా అవే ఎత్తవద్దు.

నేను అడిగేది వేరు. మా వంశంలో సముద్రం మీదికి వెళ్లినవాళ్లు లేరు. మాకు తెలిసిన సముద్రం మెరీనా, అదీ మోకాలి లోతు వరకే. వాడేమో గోడకు విక్రాంత్ బొమ్మ అంటించుకుని, పనిచేస్తే విమానాలు దిగే ఓడ మీదే చేస్తానంటున్నాడు. అలాంటి ఓడ లోపల ఎలా ఉంటుంది? ఎక్కడ పడుకుంటారు, రోజంతా ఏం చేస్తారు? చేసి వచ్చినవారు ఉంటే ఉన్నది ఉన్నట్టు రాయండి. భయపెట్టినా పర్వాలేదు.

రేణిగుంట_జంక్షన్:

అమ్మా, ఏ ఓడ ఇస్తారో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. నౌకాదళానికి ఓడలు చాలా ఉన్నాయి, విమాన వాహక నౌకలు మాత్రం రెండే. ఈ సంగతి అబ్బాయి చెవిన వేసి ఉంచండి. విరాట్ అనే పాత విమాన వాహక నౌకలో పనిచేసిన పెద్దాయన ఒకరు ఇక్కడే ఉన్నారు, కానీ మామిడి సీజనులో ఆయనకు తీరిక దొరకదు. పిలిచి చూస్తాను.

పాత_స్టోకరు:

పిలిచారు కాబట్టి వచ్చాను. రాత్రి షిఫ్టు దిగి రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

మాది చంద్రగిరి దగ్గర పల్లె. 1993 జనవరిలో చేరాను. చిల్కా, ఆ తర్వాత లోనావాలాలో ఐఎన్‌ఎస్ శివాజీ, అది ఇంజిన్ల బడి. నడుమ వేరే ఓడలు, చివరికి 2004 నుంచి 2007 దాకా విరాట్. పదిహేనేళ్లు నిండాక ఇంటికి వచ్చేశాను.

మీ గోడ మీది బొమ్మలో విశాలమైన డెక్కు, నీలాకాశం, ముక్కు పైకెత్తిన విమానం ఉంటాయి కదా? వాటితో నాకు పరిచయం తక్కువమ్మా. నేను స్టోకరును. ఒకప్పుడు బొగ్గు వేసేవాళ్లను అలా పిలిచేవారు. బొగ్గు పోయి నూనె వచ్చింది, పేరు మాత్రం మాకు మిగిలింది. విరాట్‌లో నాలుగు బాయిలర్లు. వాటి ఆవిరితో టర్బైన్లు తిరిగేవి, మొత్తం 76,000 గుర్రాల బలం. మా గది ఓడ అడుగున, నీటి మట్టానికి బాగా కింద. మూడేళ్లలో విమానం ఎగరడం కళ్లారా చూసింది ఏ పదిసార్లో ఉంటుంది. కానీ పైన విమానం ఎగరబోతున్న సంగతి ప్రతిసారీ నా అరికాళ్లకు తెలిసేది.

ఎలాగో చెబుతాను. విమానం ఎగరాలంటే దానికి ఎదురుగాలి కావాలి. అందుకని ఓడను గాలికి ఎదురు తిప్పి వేగం పెంచుతారు. గాలి బాగా వీస్తున్న రోజు మాకు కాస్త తెరపి. గాలి చచ్చుబడిన రోజు, ఆ గాలిని కూడా మేమే తయారుచేయాలి! మైకులో ఫ్లయింగ్ స్టేషన్స్ అని వినపడగానే చీఫ్ ఏమీ అనకుండా చేతులు తుడుచుకునేవాడు. కాసేపటికి ప్రొపెల్లర్ల వేగం పెంచమని పైనుంచి మాట వచ్చేది. స్ప్రేయర్లు ఒక్కొక్కటే తెరిచేవాళ్లం. స్ప్రేయరు అంటే నూనెను సన్నటి తుంపరలుగా కొలిమిలోకి చిమ్మే గొట్టం. ఫ్యాన్ల రొద పెరిగేది, కాళ్లకింద ఇనుప పలకలు అప్పటిదాకా ఉన్న వణుకు మాని ఇంకో రకంగా వణికేవి. ఆ రెండో వణుకు వచ్చిందంటే పైన సీ హారియర్ యుద్ధ విమానం సిద్ధంగా ఉందన్నమాట.

అబ్బాయికి పొగ గురించి కూడా చెప్పండి. నూనెకు గాలి చాలకపోతే పొగ నల్లగా వస్తుంది, గాలి ఎక్కువైతే తెల్లగా వస్తుంది. రెండూ తప్పే. నల్ల పొగ వస్తే మైళ్ల దూరం నుంచి శత్రువుకు మనం కనపడతాం, నూనె కూడా దండగ. సరైన మంటకు పొగ కనపడీ కనపడనట్టు ఉంటుంది. మా పనితనం చూసి ఎవరూ చప్పట్లు కొట్టరు. పొగగొట్టం మీద ఏమీ కనపడకపోవడమే మాకు మెచ్చుకోలు.

వేడి సంగతి అడగలేదు, అయినా చెబుతాను. మే నెల మధ్యాహ్నం రేణిగుంట ప్లాట్‌ఫాం మీద దుప్పటి కప్పుకుని నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు బకెట్లతో తాగేవాళ్లం. నాలుగు గంటలు పని, ఆ తర్వాత దిగిపోవడం. దాన్ని వాచ్ అంటారు. అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా ఉండేది మిడిల్ వాచ్. రోజూ ఒకడికే అది పడకుండా సాయంత్రం నాలుగు గంటల వాచ్‌ను రెండు ముక్కలు చేసి పెట్టారు, దాంతో వరుస మారుతూ ఉంటుంది. ఎవడో మహానుభావుడి ఆలోచన.

మంచినీళ్లు మరో కథ. సముద్రపు నీటిని మరిగించి, ఆవిరిని చల్లార్చి నీళ్లు చేసుకుంటారు. అందులో మొదటి వాటా బాయిలర్లది. బాయిలరు నీటిలో ఉప్పు చేరిందా, లోపలి గొట్టాలు పాడవుతాయి. అందుకని ఆమె తాగాకే మేము తాగడం, మిగిలితే స్నానం. (ఓడను ఆమె అనే అంటాం. నా భార్యకు ఇప్పటికీ నచ్చదు.) స్నానాలకు ఒక్క గంటసేపే నీళ్లు వదిలిన రోజుల్లో ఢిల్లీ కుర్రాళ్లు గోల పెట్టేవారు. ట్యాంకర్ వెనుక బిందెలతో పరుగెత్తి పెరిగిన తిరుపతివాడిని నేను, ఒక చెంబుతో తల కూడా రుద్దుకోగలనని పందెం కాసి గెలిచాను.

పడక మూడంతస్తులు. నాది నడిమిది. పైవాడు కదిలితే దుమ్ము నా ముఖాన పడేది, కిందివాడు గురక పెడితే ఆ వణుకు నా వీపుకు తగిలేది. ఓడలో దాదాపు 1,500 మంది. మా పల్లె మొత్తం కలిపినా అంతమంది లేరు. పొడవు 226 మీటర్లు. మొదటి వారం రోజూ దారి తప్పాను. ప్రతి గదికీ అంకెలు, అక్షరాలతో ఒక చిరునామా ఉంటుంది, అరచేతిలో రాసుకుని తిరిగేవాడిని, చెమటకు అది చెరిగిపోయేది. ఒకసారి భోజనానికని బయలుదేరి రొట్టెలు కాల్చే చోటికి వెళ్లాను. అక్కడివాళ్లు నా ముఖం చూసి, ఒక వేడి బన్ను చేతిలో పెట్టి, వచ్చిన దారినే పంపించారు. ఆ తర్వాత రెండుసార్లు కావాలనే తప్పిపోయాను.

శ్రీకాళహస్తి_నుంచి:

స్టోకరు అన్నా, నమస్కారం. నేను మీకంటే ముందు అదే ఓడలో, అయితే పై అంతస్తువాడిని. సీ హారియర్ల దగ్గర మెకానిక్. మీ జాతి మనుషులు మెట్లెక్కి పైకి వచ్చినప్పుడు ఎండకు కళ్లు చికిలించుకుంటూ గుడ్లగూబల్లా నిలబడేవారు, బాగా గుర్తుంది.

అమ్మా, పైన ఏం జరుగుతుందో నేను చెబుతాను. పొద్దున్నే మొదటి పని చీపురు పని లాంటిదే. అందరూ భుజానికి భుజం ఆనించి డెక్కు ఈ చివరి నుంచి ఆ చివరి వరకు తలదించుకుని నడవాలి. చిన్న మేకు, తీగముక్క, రాయి, ఏది కనపడినా ఏరి జేబులో వేసుకోవాలి. విమానం ఇంజిన్ గాలిని పీల్చుకున్నప్పుడు అలాంటి ముక్క లోపలికి పోతే ఇంజిను మొత్తం నాశనం. మా అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతుంటే చూసి పెరిగినవాడిని, నా కంటికి ఏదీ తప్పేది కాదు.

డెక్కు మీద ఎవరి పని వారి రంగు చొక్కాలోనే ఉంటుంది. ఆ రొదలో మాట వినపడదు, రంగు చూసి, చేతి సైగ చూసి తెలుసుకోవాలి. విరాట్ ముందు భాగం 12 డిగ్రీలు పైకి లేచి ఉండేది. హారియరు దాని మీదికి పరుగెత్తి, జారుడుబల్లను తలకిందులుగా ఎక్కినట్టు గాలిలోకి లేచేది. దిగడం ఇంకా వింత. ఓడ పక్కకు వచ్చి, గాలిలోనే ఆగి, పక్కకు జరిగి, నిలువునా కూర్చునేది. వేలసార్లు చూసి ఉంటాను. ఒక్కసారి కూడా తల తిప్పుకోలేదు.

పాత_స్టోకరు:

గుడ్లగూబ అన్నారు, ఒప్పుకుంటున్నాను. కానీ తమ్ముడూ, ఆ జారుడుబల్ల ఎక్కడానికి గాలి ఇచ్చింది ఎవరు?

అన్నట్టు పైకి వచ్చిన ఆ పదిసార్లలో ఒకటి చెప్పాలి. 2007 సెప్టెంబరులో బంగాళాఖాతంలో మలబార్ అనే నౌకాదళ విన్యాసాలు జరిగాయి. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, సింగపూర్ ఓడలన్నీ వచ్చాయి. అమెరికావాళ్లవి రెండు విమాన వాహక నౌకలు, నిమిట్జ్, కిట్టీ హాక్. ఫోర్‌నూన్ వాచ్, అంటే పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఉండేది, దిగి, చెమట ఆరకముందే మెట్లెక్కాను. నిమిట్జ్‌ను చూస్తే కపిలతీర్థం కొండను కోసి నీళ్లలో పెట్టినట్టుంది. దాని బరువు లక్ష టన్నులు, మాది ఇరవై ఎనిమిది వేల చిల్లర. అందరూ దాన్నే చూస్తున్నారు. నేను మాత్రం రెండోదాన్ని చూస్తూ నిలబడ్డాను. నిమిట్జ్‌లో అణు రియాక్టర్లు, మంట అనేదే లేదు. కిట్టీ హాక్‌లో మాలాగే నూనె మంట, బాయిలర్లు, ఆవిరి. 1961లో సేవలోకి వచ్చిన ఓడ అది. మా ముసలమ్మ 1959లోనే బ్రిటిష్‌వారి దగ్గర హెర్మీస్ పేరుతో పని మొదలుపెట్టింది, ఆ లెక్కన పెద్దక్క. అక్కడ నీటి అడుగున ఇదే వేళకు ఎవడో అమెరికా స్టోకరు మంట చూసుకుంటూ, మూతి తుడుచుకుంటూ ఉంటాడని అనుకున్నాను. పొగగొట్టాన్ని కూడా చూశాను. ఏమాటకామాట, శుభ్రంగా ఉంది.

చిత్తూరు_కుట్టుమిషను:

ఇద్దరికీ దండాలు. అబ్బాయి చేత రెండుసార్లు చదివించాను. వాడికి బన్ను కథ నచ్చింది, నాకు గురక కథ నచ్చింది. ఇప్పుడు అసలు భయం చెబుతాను, వాడు పక్కన లేడు. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సెక్కితే మూడో మలుపుకే వాంతి చేసుకుంటాడు. నిమ్మకాయ లేకుండా వాడిని కొండకు తీసుకెళ్లిన రోజు లేదు. ఇలాంటివాడు సముద్రం మీద ఎలా?

రేణిగుంట_జంక్షన్:

ఈ ప్రశ్నకు జవాబు కోసం నేను కూడా ఎదురుచూస్తున్నాను. నాదీ అదే జబ్బు.

పాత_స్టోకరు:

నాకూ అదే జబ్బు ఉండేదమ్మా. అలిపిరి దాటితే కిటికీ పక్క సీటు నాదే.

మొదటిసారి వానాకాలం అరేబియా సముద్రంలోకి వెళ్లినప్పుడు మూడు రోజులు బకెట్టుతోనే కాపురం. అప్పుడు చిన్న ఓడలో ఉన్నాను, అది ఇంకా ఎక్కువగా ఊగేది. విరాట్ లాంటి పెద్ద ఓడ అంతగా ఊగదు. అందులోనూ అడుగున, నడిమధ్యన ఊపు మరీ తక్కువ. ఆ విధంగా బాయిలర్ గది దేవుడిచ్చిన చోటు. పైన ఉన్నవాళ్లకు దూరాన ఆకాశం, నీళ్లు కలిసే గీతను చూస్తూ నిలబడమని చెబుతారు. మాకు చూడడానికి గీత లేదు, గాజు గొట్టంలో నీటి మట్టం ఉంది. బాయిలరులో నీళ్లు ఎంత ఉన్నాయో చూపించే గొట్టం అది. దాని మీంచి కన్ను తీయకూడదు. నీటి మట్టం పడిపోతే జరిగే అనర్థం ముందు వాంతి ఒక లెక్క కాదు. భయంతో కడుపు దారికి వస్తుంది, నిజం.

ఖాళీ కడుపుతో మాత్రం ఉండనివ్వకండి. అందరూ చేసే తప్పు అదే, తింటే వస్తుందని తినడం మానేస్తారు. ఎండు రొట్టె, వేయించిన శనగలు, కొంచెం కొంచెంగా. మా అమ్మ ఎండు ఉసిరి ముక్కలు సీసాలో పోసి ఇచ్చేది. నాలుగో రోజుకు నేను లేచి అన్నం తిన్నాను, ఐదో రోజు నవ్వాను. ఆ తర్వాత సముద్రం ఏమీ చేయలేదు. సెలవుకు ఇంటికి వచ్చి కొండకు వెళితే మళ్లీ మూడో మలుపుకే మొదలు. అది మాత్రం ఇప్పటికీ పోలేదు. నడిచే ఎక్కుతాను.

కొండ మాట వచ్చింది కాబట్టి లడ్డూ సంగతి. తిరుపతివాడు సెలవు నుంచి తిరిగి వస్తున్నాడంటే ఓడకంతా తెలిసిపోతుంది. రేణిగుంటలో ముంబై రైలు ఎక్కేటప్పుడు నా బట్టల కంటే లడ్డూల సంచే బరువు. మా మెస్‌లో పంజాబీ, మలయాళీ, ఒడియా, బెంగాలీ, అందరూ ఉండేవారు. ఒక లడ్డూను పళ్లెం మీద పెట్టి పదకొండు ముక్కలు చేసేవాళ్లం. జీడిపప్పు ఎవరికి వచ్చిందన్నదాని మీద తగువు. పంజాబీ కుర్రాడు మొదటిసారి తిని, మిఠాయిలో పూజ గది వాసన వస్తోందేమిటని అడిగాడు. పచ్చకర్పూరం అని చెప్పాను. రెండోసారి సెలవు నుంచి రాగానే సంచి నా చేతిలోంచి లాక్కున్నది వాడే.

మా చీఫ్ కేరళ మనిషి, చర్చికి వెళ్లేవాడు, మాట కటువు. నేను దిగి ముక్క చేతిలో పెడితే తినలేదు. చిన్న పలుకు గిల్లి, రెండో నంబరు బాయిలరు ముందు, గాజు గొట్టం పక్కనున్న అంచు మీద పెట్టాడు. ముందు ఆమెకు, అన్నాడు. మిగిలింది నోట్లో వేసుకుని లాగ్ పుస్తకం రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆ వేడికి నెయ్యి కరిగి గదంతా కర్పూరం వాసన. నూనె కంపులో ఆ వాసన ఎలా ఉంటుందో రాయడం నాకు చేతకాదు.

శ్రీకాళహస్తి_నుంచి:

మా దాకా ఒక్క ముక్క కూడా రాలేదు!

అన్నా, ఒకటి అడగాలి. విరాట్‌ను విశాఖలో మ్యూజియంగా పెడతారని అప్పట్లో మన ప్రభుత్వం చెబితే ఎంతో ఆశపడ్డాను. చివరికి 2020లో గుజరాత్‌లో పాత ఓడలు విడగొట్టే అలంగ్ ఒడ్డుకు చేర్చి ముక్కలు చేశారు. ఆ ఫొటోలు నేను చూడలేకపోయాను. మీరు చూశారా?

పాత_స్టోకరు:

చూడలేదు. చూడవలసింది అంతకుముందే చూశాను.

2017 మార్చి 6న ముంబైలో వీడ్కోలు జరిగింది, వెళ్లాను. హెర్మీస్ రోజుల్లో పనిచేసిన బ్రిటిష్ ముసలివాళ్లు కూడా వచ్చారు. పొద్దు గుంకుతుండగా జెండా దించారు. చాలామంది ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు, కారణం చెబితే నవ్వుతారు. డెక్కు మీద కాలు పెట్టగానే చెప్పుల్లోంచి అరికాళ్లు వెతికాయి. ఏమీ తగలలేదు. అంతకుముందు ఏడాదే కొచ్చిలో బాయిలర్లు, ఇంజిన్లు తీసేసి, వేరే ఓడలతో లాగించి ముంబై తెచ్చారు. కొచ్చికి మాత్రం తన ఆవిరితోనే వెళ్లింది. నా లెక్కలో ఆమె ప్రయాణం అక్కడికే అయిపోయింది. జెండా కోసం నిలబడ్డాను, మర్యాదగా.

ఇంటికి వచ్చిన కొత్తలో నాకు నిద్రపట్టేది కాదు, నిశ్శబ్దం వల్ల. డిసెంబరు చలిలో టేబుల్ ఫ్యాన్ వేసుకుని, గాలి గోడవైపు తిప్పి పడుకునేవాడిని. ఇరుగుపొరుగు మా ఆవిడను చూసి జాలిపడేవారు. ఇప్పుడు ఆ బాధ లేదు. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలర్ అటెండెంటుగా చేస్తున్నాను. తోతాపురి దిగుబడి మొదలైతే రాత్రింబవళ్లు ఆవిరి కావాలి. బాయిలరు చిన్నది, గుణం అదే.

అమ్మా, అబ్బాయి గోడ మీద ఉన్నది కొత్త విక్రాంత్ అయితే ఒక మాట. 2022లో సేవలోకి వచ్చిన ఆ ఓడలో బాయిలర్లతో తిరిగే టర్బైన్లు లేవు, గ్యాస్ టర్బైన్లు ఉన్నాయి. మన రెండో విమాన వాహక నౌక విక్రమాదిత్యలో ఇంకా ఆవిరే. వాడికి ఏది దొరుకుతుందో, అసలు ఏ పని ఇస్తారో మన చేతిలో లేదు. పాత విక్రాంత్ 1971 యుద్ధానికి నాలుగింటిలో ఒక బాయిలరుకు పగుళ్లు ఉండగానే వెళ్లింది, వేగం తగ్గించుకుని నడిపారు, ఆ ఓడ విమానాలే కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద దాడి చేశాయి. ఈ కథ లోనావాలాలో ప్రతి స్టోకరుకూ చెబుతారు. డెక్కు మీద పని రాలేదని వాడు దిగులుపడితే మీరు చెప్పండి.

ఆదివారం వాడిని నా దగ్గరికి పంపించండి, చోటు విడిగా సందేశంలో పెడతాను. నూలు చొక్కా వేసుకుని రమ్మనండి, నైలానుది వద్దు. సరాసరి లోపలికి రాకూడదు. గేటు దగ్గర ఐదు నిమిషాలు నిలబడి పొగగొట్టం చూడాలి. పొగ ఏ రంగులో ఉందో నాకు వచ్చి చెప్పాలి. తప్పు చెబితే మామిడిపండ్లు లేవు.